ఏటి చేపపిల్ల, ఇంటి తొట్టి: మీసాల చేపల పోషణముపై వాదముల సమీక్ష

ఏరులలోను కాలువలలోను వరిమళ్లలోను పుట్టిన మీసాల చేపపిల్లను పట్టి తెచ్చి ఇంటిలోని గాజుతొట్టిలో ఎట్లు పెంచవలెనను ప్రశ్న చూచుటకు స్వల్పముగా కనిపించును గాని, దానిని గూర్చి గడచిన నూటయేబదియేండ్లకు పైబడి పేరుకొనుచు వచ్చిన అభిప్రాయములను ఒకచోట చేర్చి పరికించినచో, రసాయనశాస్త్రము, శరీరశాస్త్రము, రోగవిజ్ఞానము, నీతిశాస్త్రము అను నాలుగింటి తగవులును ఆ చిన్నతొట్టిలోనే కలియబడుచున్నట్లు తోచును. తొట్టినీరు ఎంత పాతబడిన అంత మేలని ఒకరనగా, వారమువారమును మార్చని నీరు విషమని మఱియొకరందురు. పొలుసులేని చేపకు ఉప్పు సోకరాదని ఒకరు శాసింపగా, ఉప్పే దానికి ప్రథమౌషధమని వేఱొకరు వాదింతురు. చేప తొట్టిని బట్టి పెరుగునని కొందఱు ధైర్యము చెప్పగా, ఆ ధైర్యమే చేపల పాలిటి మృత్యువైనదని కొందఱు నిందింతురు. వీరిలో ప్రతివారికిని తమ తొట్టిలో బ్రదికిన చేప యొకటి సాక్ష్యముగా నుండుటచేత తగవు తెగకున్నది.

ఈ చిక్కునకు మూలకారణములు రెండని ఈ సమీక్షకుని తలంపు. వేర్వేరు కుదుళ్లకు చెందిన చేపలను మీసాల చేప యను నొక్కపేర వ్యవహరించి, ఒకదానియందు నిజమైనదానిని మఱియొకదానికి అంటగట్టుట మొదటిది. పెరిగిన చేపయందు కనబడిన ఓర్పును పిల్లయందు కూడ ఊహించుట రెండవది. ఈ రెండును సవరించుకొన్నచో వివాదములలో సగము తమంతట తామే సమసిపోవును. మిగిలిన సగము మాత్రము నిజముగా తేలని ప్రశ్నలు.

ఏ చేపను గూర్చిన మాట?

మీసాల చేపలన్నియు సిలూరిఫార్మిస్ అను వర్గమునకు చెందినవి. ఈ వర్గమున 3,000కు పైబడిన జాతులు కలవు. పెక్కింటికి పొలుసులుండవు, కొన్నిటికి పొలుసులకు మాఱుగా ఎముకపలకల కవచముండును. నోటిచుట్టు నుండు మీసములు రుచిని గ్రహించు ఇంద్రియములు. పెక్కుజాతులలో వీపుఱెక్కకును రొమ్ముఱెక్కలకును ముందుభాగమున నుండు గట్టి ముండ్లు ఆత్మరక్షణ సాధనములు. ఇంతకుమించి ఈ వర్గమంతటికిని వర్తించు పోషణసూత్రము చెప్పుట సాహసమే యగును.

కోస్తా కాలువలలోను తెలంగాణపు చెఱువులలోను తొలకరి తరువాత పిల్లలుగా చేతికి దొరకు జాతులలో ముఖ్యమైనవి నాలుగు: జెల్ల, ఇంగిలాయి, మార్పు, వాలుగ. ఊరూరికిని ఈ పేరులు కొంత అటునిటు మాఱుచుండును. చారలు గల చిన్నజెల్ల, శాస్త్రజ్ఞుల మిస్టస్ విట్టేటస్, సాధారణముగా జానెడు లోపలనే ఆగిపోవును. ఇంగిలాయి, అనగా హెటిరోన్యూస్టిస్ ఫాసిలిస్, సుమారు 30 సెంటీమీటర్ల వఱకు సాగును. మార్పు దానికన్న కొంత దొడ్డది. వాలుగ మాత్రము మీటరు దాటి పెరిగి, నోటికి పట్టిన ప్రాణినెల్ల మ్రింగు ఘోరభక్షకము. దానిని ఇంటితొట్టిలో పెంచుట ఎట్లని విచారించుటకన్న పెంచకుండుట ఎట్లని విచారించుట యుక్తము. అయినను వ్రేలెడు పొడవున నున్నప్పుడు ఈ నాలుగును ఒకే చాయలో, ఒకే బిడియముతో, రాతిమాటున దాగుచు కనబడును. అనుభవములేని వాడు జెల్ల యనుకొని వాలుగను తెచ్చుటకు ఇదియే కారణము.

గుర్తించుటకు తోడ్పడు గ్రంథములు మనకు కొదువలేదు. విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలను పేట్రిక్ రసెల్ 1803లో సచిత్రముగా వర్ణించి, వానికి తెలుగు పేరులను గూడ జోడించెను; అయితే వానిలో అధికభాగము సముద్రపు చేపలు. అంతకు ముందే 1794లో బ్లాక్ అను జర్మను పండితుడు తరంగంబాడి నుండి చేరిన నమూనాలను బట్టి ఇంగిలాయిని, చారల జెల్లను శాస్త్రలోకమునకు పరిచయము చేసియుండెను. గంగానదీ మత్స్యములపై ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లోను, భారతదేశపు చేపలన్నిటిపై ఫ్రాన్సిస్ డే 1875-78 నడుమను వెలువరించిన గ్రంథములు నేటికిని ప్రమాణములే. కాని ఈ పండితులు ప్రధానముగా పరీక్షించినది సారాయములో నిలువచేసిన పెద్ద చేపలను. పిల్లల రూపమును గూర్చియు, బ్రదికియున్న వాని నడవడిని గూర్చియు ఆ పుటలలో దొరకు సమాచారము మితము. తొట్టివారు స్వానుభవముపై ఆధారపడవలసివచ్చినది ఇందుచేతనే.

మార్పు విషయమున ఇంకొక చిక్కు. ఆఫ్రికానుండి వచ్చిన క్లారియస్ గారీపైనస్ పెంపకమును కేంద్రప్రభుత్వము 2000లో నిషేధించినను అది మన జలములలో వ్యాపించియేయున్నది. దాని పిల్ల మన మార్పుపిల్లను పోలియుండుటచే, దేశీయమైనదని తలంచి తెచ్చిన పిల్ల మీటరునకు పైగా పెరుగు పరదేశి కావచ్చును. మన మార్పు, ఇప్పుడు క్లారియస్ మాగుర్ అని పిలువబడునది, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘముచే ప్రమాదస్థితిలోనున్న జాతిగా గుర్తింపబడినది. బీహారు రాష్ట్రము దానిని తన రాష్ట్రమత్స్యముగా గౌరవించుచున్నది. ఒకదానిని పట్టరాదు, రెండవదానిని పెంచరాదు. పిల్లలుగా నున్నప్పుడు ఏది ఏదో తెలియుట కష్టము.

పాతనీరు, క్రొత్తనీరు

1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్లరసాయనికుడు ఒక గాజుపాత్రలో బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపియుంచి, మొక్క విడుచు ప్రాణవాయువు చేపకును, చేప విడుచు మలినము మొక్కకును ఆహారమై నీరు మార్పులేకయే నిలుచునని ప్రకటించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము తెఱవబడెను. మఱుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథము ఇంటింట తొట్టి పెట్టు వేడుకను వ్యాపింపజేసెను. మన దేశమున బొంబాయిలోని తారాపోర్‌వాలా మత్స్యశాల 1951లో ఏర్పడునాటికి ఈ సమతౌల్యవాదము వేదవాక్యమై యుండినది. నీటిని కదల్చరాదు, పాతనీరు బంగారము అను మాటలు ఆనాటివే.

దీనిని కదల్చినది సూక్ష్మజీవశాస్త్రము. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యను శాస్త్రజ్ఞుడు, అమోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులను వేఱుపఱచి చూపెను. నేలను గూర్చి జరిగిన ఈ పరిశోధన చేపలతొట్టికి ఎక్కుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. ఎక్కిన పిమ్మట తొట్టికి ప్రాణము మొక్క కాదు, వడపోతలోని స్పాంజిపై నివసించు సూక్ష్మజీవియే యను రెండవ వాదము బలపడెను. ఆ జీవి యేదియను విషయమున గూడ అభిప్రాయములు మాఱుచు వచ్చినవి: నైట్రోబాక్టర్ అని చిరకాలము నమ్మిన చోట నైట్రోస్పైరా యున్నదని 1998లోను, అమోనియాను మార్చు పనిలో ఆర్కియా యను వేఱు జీవకోటికి ప్రధానభాగము కలదని 2011లోను పరిశోధకులు నిరూపించిరి. ఇంతలో 1999లో డయానా వాల్‌స్టడ్ మట్టి పఱచి మొక్కలు దట్టముగా నాటిన తొట్టిని సశాస్త్రముగా సమర్థించుటచే వారింగ్టన్ పక్షమునకు క్రొత్త ఊపిరి వచ్చినది.

మీసాల చేపపిల్లకు ఈ వాదములలో ఏది వర్తించును? అది మాంసాహారి, దాని తిండిలో మాంసకృత్తులు అధికమగుటచే అది విడుచు అమోనియాయు అధికము. అదియును గాక పెరుగుచున్న పిల్ల నేడు తిన్నదానికి రెట్టింపు వచ్చునెల తినును. సమతౌల్యమనునది నిలుకడగల బరువుపై ఏర్పడునేగాని దినదినమును మాఱు బరువుపై ఏర్పడదు. రాత్రులందు అడుగుమట్టిని కెలకి మొక్కలవేళ్లను పెల్లగించు జాతులు ఇందులో ఉండనే యున్నవి. కావున రెండుమూడు చిన్నజెల్లలను విశాలమైన తొట్టిలో పెంచువానికి మొదటివాదము చెల్లవచ్చును గాని, ఇంగిలాయికిని మార్పునకును రెండవవాదమే శరణ్యము. సూక్ష్మజీవులు కుదురుకొనుటకు నాలుగారువారములు పట్టునని ఇరుపక్షములవారును ఒప్పుకొందురు. అయినను చేపను తెచ్చిన పిమ్మట తొట్టిని కొనుటయే లోకములో ఎక్కువగా కనబడు ఆచారము.

తెచ్చిన తొలిగంట

పట్టిన చోటునుండి ఇల్లు చేరు ప్రయాణమే పిల్ల ఆయుర్దాయమును చాలవఱకు నిర్ణయించును. జెల్లను వలతో ఎత్తినచో ముల్లు దారములలో చిక్కుపడును. ముల్లు నిక్కి గూటిలో బిగిసికొనును గనుక లాగినకొలది ఱెక్క చీలును. గిన్నెతో నీటితోసహా ఎత్తుట ఉత్తమము. ఇంగిలాయి రొమ్ముముల్లు విషముగలది. ఆ విషము వేడికి చెడు స్వభావము గలదగుటచే, కుట్టినచోటును ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో నుంచుట బాధను తగ్గించును. బాధ హెచ్చినచో వైద్యుని చూడవలెను. ప్లాస్టిక్ సంచిలో తెచ్చునపుడు ముండ్లు గ్రుచ్చుకొనునని సంచిపై సంచి తొడుగుట వర్తకుల వాడుక.

ఇల్లు చేరిన పిమ్మట పిల్లను క్రొత్తనీటికి అలవాటు చేయు పద్ధతిపై రెండు పక్షములు మిక్కిలి పట్టుదలతో పోరాడుచున్నవి. సన్నని గొట్టముతో తొట్టినీటిని చుక్కచుక్కగా సంచిలోనికి గంటయో రెండుగంటలో జాఱవిడిచి, అటుపిమ్మట చేపను మార్చుమని మందగతివాదులందురు. వేడిమి సమానమైనంతనే చేపను సంచినుండి తీసి తొట్టిలో విడిచి, సంచినీటిని పాఱబోయుమని శీఘ్రగతివాదులందురు. ఇరువురును తమ పద్ధతి చేపకు హితమనియు, ఎదుటివారిది హత్య యనియు చెప్పుదురు.

కారణమును విచారించినచో ఇరువురును తమతమ చోటులలో సత్యవాదులే. మూతిబిగించిన సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు నిలిచి నీటి పి.హెచ్.ను తగ్గించును. తక్కువ పి.హెచ్.లో అమోనియా అధికభాగము అమోనియంగా మాఱి చేపకు అంతగా హానిచేయదు. 25 డిగ్రీల వేడిమిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు విషరూపమున నుండు భాగము నూటికి సుమారు 0.6 పాళ్లు, పి.హెచ్. 8 ఐనచో అది 5 పాళ్లు దాటును. సంచి విప్పినంతనే వాయువు ఎగిరిపోయి పి.హెచ్. పెరుగును, దానిపై క్షారగుణముగల బోరునీటిని చుక్కలుచుక్కలుగా కలుపుట, దీర్ఘప్రయాణములో పోగుపడిన అమోనియాను చేప దేహముచుట్టునే విషముగా మార్చుట. ఇక్కడ శీఘ్రగతివాదము నెగ్గును. అయితే ప్రక్కకాలువలో పట్టి తెఱచిన బిందెతో అరగంటలో ఇల్లు చేర్చిన పిల్లవిషయమున అమోనియా పోగుపడు అవకాశమే లేదు. అక్కడి భయమంతయు వాననీటి మెత్తదనమునకును బోరునీటి కఠినత్వమునకును గల అంతరము. ఇక్కడ మందగతివాదము నెగ్గును. విదేశములనుండి పెట్టెలలో దిగు చేపలతో వ్యవహరించు వర్తకుని సూత్రమును కాలువగట్టు కుఱ్ఱవానికి, కుఱ్ఱవాని సూత్రమును వర్తకునికి నేర్పబూనుటయే ఈ వాదములో జరిగిన పొరపాటు.

ఊపిరి

మీసాల చేప మొండిప్రాణమనియు, ఎంతటి మురికినీటనైనను బ్రదుకుననియు లోకప్రతీతి. ఇది ఇంగిలాయిని, మార్పును చూచి పుట్టినమాట. ఇంగిలాయికి మొప్పలగదినుండి వెనుకకు తోకవైపునకు సాగిన పొడవైన గాలిసంచులు రెండు కలవు. మార్పునకు మొప్పలపైభాగమున చెట్టుకొమ్మలవలె చీలిన అవయవముండి గాలిని పీల్చును. జెల్లకు ఇట్టి సాధనమేదియు లేదు. ఇంగిలాయికి పనికివచ్చిన తొట్టిలో జెల్ల ఉక్కిరిబిక్కిరియై చచ్చుట ఇందువలననే.

గాలి పీల్చు చేపకు పైగాలి తప్పనిసరియా, ఐచ్ఛికమా యను ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దినుండియు నలుగుచున్నది. నీటిపైకి రానీయకుండ అడ్డినచో అవి చచ్చునని పూర్వులు పరీక్షించి చెప్పిరి. తరువాతివారు కొలిచి చూచినకొలది, ప్రాణవాయువు నిండుగానున్న చల్లని నీటిలో మొప్పలతోను చర్మముతోను ఇంగిలాయి చాలసేపు నిలువగలదనియు, వేడిమి హెచ్చినప్పుడును నీరు చెడినప్పుడును పైగాలి అత్యవసరమగుననియు తేలినది. భాగల్పూరు విశ్వవిద్యాలయమున దత్తమున్షీ, ఆంగ్లశాస్త్రజ్ఞుడు హ్యూస్ కలిసి చేసిన కృషి ఈ రంగమున ప్రధానమైనది. వారి గ్రంథము 1992లో వెలువడినది. పెంపకందారునికి దీనివలన తేలునది సులభమే: తొట్టిని అంచువఱకు నింపరాదు, మూతకును నీటికిని నడుమ గాలికి చోటుంచవలెను, మూత మాత్రము బరువుగా నుండవలెను, ఏలయనగా మార్పు రాత్రివేళ గట్టెక్కి నేలపై నడువగల చేప.

పిల్ల విషయమున దీనికి ఒక మినహాయింపు కలదు. గ్రుడ్డునుండి వెడలిన తొలిదినములలో గాలి పీల్చు అవయవము ఏర్పడియుండదు. అంతవఱకు మొండిదైన ఈ జాతియును తక్కిన చేపపిల్లలవలెనే నీటిలోని ప్రాణవాయువుపై ఆధారపడును. పెద్దచేప బురదలో బ్రదుకునని విని పిల్లను చెంబెడు నీటిలో పెట్టువారు గమనింపనిది దీనినే.

ఉప్పు, మందు

ఏటినుండి వచ్చిన చేపతో పరాన్నజీవులును వచ్చును. తెల్లచుక్కల తెవులు, ప్రేగులలోని పురుగులు, మొప్పలనంటు జిగురుపురుగులు వీనిలో ముఖ్యములు. వన్యస్థితిలో చేపకును పురుగునకును ఒకవిధమైన ఒడంబడిక యుండును. చెఱలోని భీతివలన చేప బలము తగ్గినంతనే అది చెదరును. క్రొత్తచేపను నాలుగారువారములు వేఱుతొట్టిలో నుంచవలెనను విషయమున అందఱిదియు ఒకటే మాట. ఆ కాలమున రోగచిహ్నము లేకున్నను ముందుగానే మందులు వేయవలెనా, కనిపెట్టుచు ఊరకుండవలెనా యన్నచో అభిప్రాయములు చీలును. పురుగు నిశ్చయముగా నుండునని ఒకరు, బెదరి తిండి మానిన పిల్లకు మందు రెండవదెబ్బ యని మఱియొకరు. తిండికి అలవడినపిమ్మట పురుగులమందు, దానికి ముందు చీకటియు నిశ్శబ్దమును అను మధ్యేమార్గము సమీక్షకునకు యుక్తముగా తోచుచున్నది.

ఉప్పును గూర్చిన నిషేధము అన్నిటికన్న బలమైనది, అన్నిటికన్న బలహీనమైన పునాదిపై నిలిచినది. పొలుసు లేదు గనుక చర్మము సున్నితము, కనుక ఉప్పు పడదను అనుమానము వినుటకు సొంపుగానే యున్నది. కాని కాకినాడ, విశాఖ రేవులలో గంపలకొద్ది దిగు సముద్రపుజెల్లలకు పొలుసులున్నవా? ఉప్పుటేరులలో తిరుగు మిస్టస్ గులియోకు పొలుసులున్నవా? అమెరికాలో ఛానెల్ క్యాట్‌ఫిష్ పెంచు చెఱువులలో నైట్రైటు విషమునకు విఱుగుడుగా ఉప్పునే కలుపుదురు. ఉప్పులోని క్లోరైడు మొప్పలయొద్ద నైట్రైటును లోనికి చొఱనీయదు. కావున పొలుసులేమికిని ఉప్పుభయమునకును కార్యకారణసంబంధము లేదు. జాతికి జాతికి ఓర్పు వేఱనుట మాత్రము నిజము; మెత్తని అమెజాను నీటిలో పుట్టిన చిన్నచేపలకు పడనిది కృష్ణాడెల్టా జెల్లకు పడవచ్చును.

రాగి లవణములు, ఫార్మాలిను, మాలకైట్ గ్రీన్ విషయమున సగము మోతాదే మేలను పాతసూత్రము దీనికన్న బలమైనది. రాగి మెత్తనినీటిలో మిక్కిలి తీక్ష్ణమగునన్నది స్థిరపడినమాట. తెల్లచుక్కలకు కారణమైన ఇక్తియోఫ్తిరియస్ అను జీవి చేపచర్మముక్రింద దాగినంతకాలము మందునకు లొంగదు. అది రాలి, విభాగము చెంది, ఈదుచు క్రొత్తచేపను వెదకు కొలదిగంటలలోనే మందు పనిచేయును. కనుక ఏ మందునైనను దాని జీవనచక్రము ముగియువఱకు కొనసాగింపవలెను. నీటివేడిమిని 30 డిగ్రీలకు పెంచి దానిని నిరోధించు పద్ధతి గాలిపీల్చు ఇంగిలాయికి సులువు. వేడినీటిలో ప్రాణవాయువు తగ్గుటచే జెల్లకు గాలిరాయి తప్పనిసరి.

ఇసుక, తిండి, తోడు

తొట్టి అడుగున గులకరాళ్లు పఱచినచో మీసములు అరిగిపోవునని ఒకవాదము. అరుగుదలకు కారణము రాళ్లు కావు, రాళ్లనడుమ క్రుళ్లిన తిండిలోని సూక్ష్మజీవులని మఱియొకవాదము. మలినమైన మెత్తని ఇసుకపైకూడ మీసములు క్షీణించుటయు, శుభ్రమైన గులకరాళ్లపై నిలుచుటయు కనబడుచున్నందున రెండవవాదమే బలముగా నున్నది. ఐనను సన్నని ఇసుకను వాడుటయందు నష్టమేదియు లేదు. మొదలు చెడనంతవఱకు మీసము మఱల పెరుగును.

తిండి విషయమున వాదముకన్న ఓపిక ముఖ్యము. పిల్లకు పగటివెలుగున ఆకలి తోచదు. దీపములార్పిన పిమ్మట వానపాముల తుంటలు, తరిగిన రొయ్య, దోమలార్వాలు వేసినచో వాసనపట్టి వచ్చును. వారములు గడచినమీదట గుళికలకు అలవడును. మురుగుకాలువలలో దొరకు ఎఱ్ఱని ట్యూబిఫెక్స్ పురుగులను వానితో రోగములు వచ్చునని విడిచిపెట్టువారు పెరుగుచున్నారు. చిన్నపరిగెలను ఎరగా నిత్యము వేయుట మఱొకందుకు మంచిదికాదు: కార్పుకుటుంబపు పెక్కుచేపల మాంసమున థయామినేసు అను పదార్థముండి బి1 విటమినును నాశముచేయును.

జెల్ల గుంపుగా నుండుటను కోరును. ఒంటిగానున్నది మాటువిడిచి రాదు. ఇంగిలాయి, మార్పు పిల్లలు మాత్రము పరిమాణభేదమున్నచో ఒకదానినొకటి తినును. సంఘజీవనము మేలా, ఏకాంతము మేలా యను చర్చ ఈ భేదమును గుర్తించినంతనే ముగియును.

తొట్టికి తగినంతయే పెరుగునా?

ఇరుకుతొట్టిలో చేప పెరుగుదల మందగించుట నిజమే. నిలిచిన మలినములు, తోటిచేపల ఒత్తిడి, తిండి తగ్గుట మొదలగునవి దానికి కారణములు. ఈ నిజమునుండి చేప తనకుతానే తొట్టికి సరిపోవునట్లు ఆరోగ్యముగా చిన్నదిగా నిలిచిపోవునను నిర్ణయమునకు దుముకుట వర్తకులకు ఉపకరించిన తర్కము. వ్రేలెడు పంగసుపిల్లను సొరచేప యను ముద్దుపేరుతో అమ్మునప్పుడు దాని జాతి మీటరునకు పైగా పెరుగునను మాట ఎవరు చెప్పుదురు? అమెజాను ఎఱ్ఱతోక చేపయును అట్టిదే. పెరుగుదల నిలిచినచేప అంతరంగమున ఏ అవయవము ఎంత చెడునన్నది జాతివారీగా కొలిచిన లెక్కలు తక్కువ. కుంగుట ఉన్నదను విషయమున వివాదము లేదు, కుంగుట ఎంత బాధాకరమను విషయమున మాత్రము ఉన్నది.

పట్టుట న్యాయమా?

ఈ ప్రశ్నలో మూడుపక్షములు కనబడును. నదిలోని చేప నదికే చెందునని నిషేధపక్షము. కేరళలోని మంజక్కూరి, అనగా హోరాబాగ్రస్ బ్రాకిసోమా, పిల్లదశలో బంగారువన్నెతో నుండుటచే అలంకారమత్స్యముగా అమ్ముడుపోయి, ఆహారముకొఱకును పట్టుబడి, నివాసమును కోల్పోయి, దుర్బలస్థితికి చేరిన జాతిగా నమోదైనది. బ్రెజిలులోని షింగు నదియందుమాత్రమే యుండు చారల హైపాన్‌సిస్ట్రస్ జీబ్రాను 1991లో వర్ణించినప్పటినుండియు దొంగరవాణా వెన్నాడుచున్నది, నిషేధము ధరను పెంచెనేగాని ఆశను తగ్గింపలేదని విమర్శకులందురు.

రెండవది జీవనోపాధిపక్షము. రియోనీగ్రో తీరమున బార్సెలోస్ ప్రాంతపు జాలరులు చిన్న అలంకారమత్స్యములను పట్టి అమ్ముకొనగలిగినంతకాలము అడవిని నఱకరని 1980ల చివరినుండి పనిచేయుచున్న పియాబా ప్రణాళికవారు వాదింతురు. షింగుచేపకు వలకన్న బెలోమోంతే ఆనకట్టయే పెద్దశత్రువు గాదా యని వీరు అడుగు ప్రశ్న కాదనరానిది. మూడవది తొట్టిలో పుట్టినదానినే కొనుమను పక్షము. మంజక్కూరికిని జీబ్రాకును కృత్రిమ ప్రజననము సాధ్యమైనది. కాని అది ఎచ్చటనో ఎవరికో లాభము చేకూర్చునేగాని నదీతీరవాసికి కాదని రెండవపక్షము సమాధానము.

చేపకు బాధ తెలియునా యను ప్రశ్న ఈ చర్చకు అడుగున నుండును. చేప మెదడునకు బాధను అనుభవించు నిర్మాణములేదని జేమ్స్ రోజ్ 2002లో వాదించెను. మఱుసటియేట లిన్ స్నెడన్ ట్రౌటుచేప పెదవులలో ఆమ్లమును ఎక్కింపగా అది తిండిమాని పెదవులను గులకరాళ్లకు రాచుకొనుటను ప్రకటించెను. రెండుదశాబ్దములు గడచినను ఇరుపక్షములును వెనుకకు తగ్గలేదు.

మన కాలువలలోని చిన్నజెల్ల విషయమున ఈ వాదముల తీవ్రత కొంత తగ్గును. కూరకై గంపలుగంపలుగా పట్టబడు జాతినుండి నాలుగు పిల్లలను తెచ్చుట జాతికి ముప్పుకాదు. మార్పునకు ఈ మినహాయింపు చెల్లదు. కొల్లేరువంటి అభయారణ్యములలో అనుమతిలేక పట్టుట చట్టవిషయము.

పెరిగిన పిమ్మట

పెంపకపు సూత్రములను గూర్చి పుటలుపుటలుగా వ్రాయువారు చేప పెరిగి తొట్టిని మించినప్పుడు ఏమిచేయవలెనన్నచోట రెండు వాక్యములతో దాటిపోవుదురు. దయతలచి చెఱువులో విడుచుట అనాదిగానున్న ఉపాయము. దాని ఫలితము నేడు కన్నులకు కట్టుచున్నది: తొట్టి గాజునంటిన పాచిని నాకునని కొనితెచ్చిన అమెరికా కవచపు మీసాల చేప, దెయ్యపుచేప యని జాలరులు తిట్టుకొనుచున్న టెరిగోప్లిక్తిస్, మన చెఱువులలోను కాలువలలోను చేరి వలలను చింపుచున్నది, గట్లను తొలుచుచున్నది. పరదేశపు చేపను విడువరాదను విషయమున నేడు భిన్నాభిప్రాయము లేదు.

స్వదేశపుచేపను, దానిని పట్టిన కాలువలోనే తిరిగి విడువవచ్చునా యన్నది మాత్రము తేలలేదు. అది పుట్టినచోటికే చేరుచున్నది గనుక దోషములేదని కొందఱి అభిప్రాయము. నెలలతరబడి ఒకేతొట్టిలో సింగపూరు, బ్యాంకాకుల చేపలతో కలిసియున్నది వాని రోగములను మోసికొనిపోదాయని మఱికొందఱి అభ్యంతరము. ఈ రెండవమాట వర్తకపు చేపలతో ఎన్నడును కలియక వేఱుతొట్టిలోనే పెరిగినదానికి పూర్తిగా వర్తింపదు. పెద్ద మత్స్యశాలలు ఇట్లు పెరిగిన చేపలను దానముగా ఇచ్చినను సాధారణముగా స్వీకరింపవు. లవంగతైలముతో స్పృహతప్పించి ప్రాణము తీయుట వైద్యులు చెప్పు మార్గము. వండుకొనుట మనవారికి సహజముగా తోచు మార్గమే గాని, మాలకైట్ గ్రీన్ వంటి మందులు తగిలిన చేప ఆహారమునకు పనికిరాదు. ఇంటితొట్టిలోని చేపకు ఏ మందు ఎప్పుడు వేసితిమో వ్రాసియుంచుకొనువారు అరుదు.